లియోనీ అత్త పొలంలో పావుమైలు

రొజేర్ సిర్వా జేబులో ఉన్న తాళంచెవి ఇరవై ఆరేళ్ల కిందట వారం రోజుల కోసమని అతని చేతికొచ్చింది. అప్పట్లో బాట బాధ్యత చూసే పెద్దాయన నడుము పట్టేసి మంచమెక్కుతూ, "వచ్చే శుక్రవారం దాకా నీ దగ్గరుంచరా, తర్వాత నేను చూసుకుంటా" అన్నాడు. ఆ శుక్రవారం ఇంకా రాలేదు. ఆయన పోయి పద్దెనిమిదేళ్లయింది. తాళంచెవి మాత్రం రొజేర్ జేబులో అరిగి, అంచులు నున్నబడి, పాత చాకొలెట్ బిళ్లలా తయారైంది.

అది మంచును చదును చేసే పెద్ద యంత్రానిది. సెంట్ అనియెస్ ఊళ్లో అందరూ దాన్ని ముసలావు అంటారు. పొద్దున్నే లేవమంటే లేవదు, లేచిందంటే ఊరంతా వినపడేలా అరుస్తుంది, మేతకు మాత్రం ముందుంటుంది. మేన్ రాష్ట్రం ఉత్తరపు కొసన, నది దాటితే కెనడా వచ్చే ఆ ఊళ్లో, డిసెంబర్ నుంచి మార్చి దాకా మోటారు మంచుబండ్లు తిరిగే బాట ఎనభై రెండు మైళ్లుంది. దాన్ని చదును చేయడం, కూలిన చెట్లు కోయడం, వాగుల మీద చెక్కవంతెనలు కట్టడం క్లబ్బువాళ్ల పని. జీతం లేని పని. రొజేర్ ముప్పై ఒక్కేళ్లు కాగితం మిల్లులో చేశాడు, అక్కడే ఎడమచేతి చిటికెనవేలు పోగొట్టుకున్నాడు. అయినా అతన్నెవరైనా ఏం చేస్తుంటావని అడిగితే మిల్లు సంగతి చెప్పడు. బాట చూస్తుంటాను అంటాడు. ఆ ఒక్క ముక్కా చెప్పి ఊరుకుంటాడు. పెద్దగా మాట్లాడే మనిషి కాదు.

ఆ ఎనభై రెండు మైళ్లలో ఒక్క అడుగు కూడా క్లబ్బుది కాదు. ముప్పై ఒక్కమంది నేల మీదుగా పోతుంది బాట. రాతకోతలేవీ లేవు. ఏటా నవంబర్‌లో, బంగాళాదుంపల తవ్వకం అయిపోయాక, రొజేర్ ఒక్కొక్క ఇంటికీ వెళతాడు. భార్య బెర్నిస్ చేసిన మాంసం పిండివంట ఒకటి గుడ్డలో చుట్టుకుని వెళ్లి, బల్ల మీద పెట్టి, ఇంటివాళ్లతో కలిసి పొలం గట్టున ఆ కొస నుంచి ఈ కొస దాకా నడుస్తాడు. ఎక్కడ కంచె మారింది, ఎక్కడ కొత్తగా దున్నారు, ఎక్కడ కాలవ తవ్వారు, అన్నీ కళ్లతో చూసుకోవడమే. చివర్లో చేతి తొడుగు తీసి చెయ్యి కలుపుతారు. తొడుగుతో కలిపితే అది మాట కింద లెక్కకాదు. అంతే, ఆ చలికాలానికి బాట ఉన్నట్టు.

ఈ ఏడు అతను వెళ్లలేదు. అక్టోబర్ చివర బెర్నిస్‌కు తుంటి ఆపరేషన్ అయింది. ఆవిడను లేవదీయడం, కూర్చోబెట్టడం, వంట, బట్టలు, అన్నీ అతని మీదే పడ్డాయి. ఒకప్పుడు నలభైమంది ఉన్న క్లబ్బులో ఇప్పుడు మిగిలిందే ఐదుగురు. వాళ్లలోనూ ఇద్దరు పేరుకే ఉన్నారు. తన బదులు పంపడానికి మనిషి దొరక్క, ముప్పై ఒక్క కార్డులు కొని, "ఎప్పటిలాగే అనుకుంటున్నాను. రొజేర్" అని రాసి పోస్టు చేశాడు. కొందరు ఫోన్ చేసి బెర్నిస్‌ను పలకరించారు. కొందరు ఏమీ అనలేదు. ఏమీ అననివాళ్లు ఒప్పుకున్నట్టేనని అతను అనుకున్నాడు.

ఇక ఆ చలికాలం సంగతి. క్రిస్మస్‌కు వాన పడింది. జనవరిలో నాలుగంగుళాల మంచు పడి, వారం తిరగకుండా కరిగి, కరిగింది గడ్డకట్టి, ఆ గడ్డ మీద మళ్లీ వాన. అడవిలో చెట్ల నీడన కొంత నిలిచింది గాని పొలాల్లో గాలికి నేల బయటపడింది. అంతకుముందు రెండేళ్లూ ఇదే వరస. ఊరి చలికాలపు పండగ రెండేళ్లు ఆగిపోయింది. ఈసారి ఫిబ్రవరి రెండో శనివారం అని చాటారు. నది అవతల నుంచీ, దక్షిణాది నుంచీ రెండువందల బండ్లు వస్తామన్నాయి.

బుధవారం క్లబ్బులో పనిచేసే ముగ్గురూ, రొజేర్, గిల్‌మన్, నోర్మా, నోర్మా హోటల్లోనే కూర్చున్నారు. హోటలంటే ఆరు బల్లలు, ఒక పొయ్యి, వెనకాల నోర్మా ఇల్లు. గిల్‌మన్ థెరియో క్లబ్బు అధ్యక్షుడు. స్కూల్ బస్సు నడిపి రిటైరైనవాడు కావడం వల్ల ఇప్పటికీ వెనక సీట్లలో పిల్లలు గోల చేస్తున్నట్టే గొంతు పెంచి మాట్లాడతాడు.

"శనివారం పండగ జరక్కపోతే సోమవారం తీర్మానం పెట్టేస్తా. క్లబ్బు మూసేద్దాం. పైవాళ్లు వచ్చి ముసలావును తోలుకుపోతారు. నాకు డెబ్బై వచ్చేస్తున్నాయి రొజేర్, ఇంక నావల్ల కాదు."

"నాలుగేళ్ల నుంచీ నీకు డెబ్బై వస్తూనే ఉన్నాయి" అంది నోర్మా కాఫీ పోస్తూ.

"నువ్వు నవ్వవే తల్లీ. రెండొందల మందికి బీన్స్ నానబోస్తానన్నావుగా. ఎవడూ రాకపోతే ఏం చేస్తావ్?"

"నీకే పెడతా. ఈస్టర్ దాకా మూడు పూటలా."

రొజేర్ నవ్వలేదు. కప్పులోకి చూస్తూ, "మిగతాచోట్ల ఏదో సర్దాం, లియోనీ అత్త పొలమొక్కటే మిగిలింది" అన్నాడు.

అందరికీ తెలుసు. కొండ మీది బాట ఊళ్లోకి దిగాలంటే లియోనీ పెల్‌తియే పొలం మీదుగానే దిగాలి. ఒక పక్క నది ఒడ్డు నిట్టనిలువు, రెండో పక్క బురద చిత్తడి ఈ ఏడు గడ్డకట్టనే లేదు. ఆ పొలంలో బాట పావుమైలు. ఆ పావుమైలూ బోడిగా, నల్లగా ఉంది. లియోనీ అత్త పెట్టిన షరతు ఒక్కటే, భర్త ఒనెజీమ్ ఉన్న రోజుల్నుంచీ అదే: మట్టి కనపడితే బాట మూసెయ్యాలి. బండ్ల కింది ఇనుప పళ్ల పట్టీలు మట్టిని దున్నేస్తే ఆ నేల మళ్లీ కుదుటపడటానికి మూడేళ్లు పడుతుంది.

"చర్చి వెనక మంచు తెద్దామా?" అన్నాడు గిల్‌మన్.

"అది రోడ్ల మీంచి తోసిన మంచు, అందులో ఉప్పూ ఇసకా కలిసిపోయాయి. ఆవిడ పొలంలో ఉప్పు పోస్తే తుపాకీ తీస్తుంది" అంది నోర్మా.

"పోప్లార్ల వెనకాల మేట ఉంది" అన్నాడు రొజేర్. "రాతిగోడకీ చెట్లకీ మధ్య. గాలి పొలంలో మంచంతా ఊడ్చి అక్కడే పోస్తుంది. నడుముల్లోతు ఉంటుంది."

"అది అత్తదేగా?"

"ఒనెజీమ్ మామయ్య ఎప్పుడో మాటిచ్చాడు. గోడ పక్క మేట మీదే, ఎప్పుడు కావాలన్నా తీసుకోండి, అక్కడ గడ్డి తప్ప ఏమీ లేదు అన్నాడు. రెండుసార్లు తీశాం కూడా."

"ఈ ఏడు కార్డుకు ఆవిడ జవాబిచ్చిందా?" అంది నోర్మా.

"లేదు."

"వద్దని కూడా రాయలేదుగా" అన్నాడు గిల్‌మన్. "అయితే ఇంకేంటి. శుక్రవారం రాత్రికి మైనస్ పాతిక అంటున్నారు. పగలు పోసి చదును చేసేస్తే తెల్లారేసరికి సిమెంటులా బిగుస్తుంది."

శుక్రవారం పొద్దున్న బెర్నిస్ నాలుగుకాళ్ల కర్ర పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. "అత్తకు ఒకమాట చెప్పిరా" అంది. "తిరిగొచ్చేప్పుడు చెప్తాలే" అన్నాడు అతను బూట్లు వేసుకుంటూ. పని మొదలుపెట్టే ముందు మాటలు పెట్టుకుంటే పొద్దుపోతుందని అతని భయం. లియోనీ అత్త దగ్గర మాట అంటే కాఫీ, కాఫీ అంటే గోధుమరంగు బక్‌వీట్ అట్లు, అట్లంటే ఒనెజీమ్ కథలు.

తొమ్మిదింటికి మొదలుపెట్టారు. గిల్‌మన్ ట్రాక్టర్ ముందు తొట్టి కట్టుకుని మేటలోంచి మంచు తోడిపోస్తుంటే, రొజేరూ నోర్మా దాన్ని బాట మీద పరిచారు. ఎండ ఉంది, గాలి లేదు. పన్నెండయ్యేసరికి పావుమైలూ తెల్లబడింది. ఒంటిగంటకు రొజేర్ ముసలావును దింపి, రెండుసార్లు ఇటూ అటూ నడిపి అణిచాడు. ఇనుప పలక వెనకాల బాట ఇస్త్రీ చేసిన దుప్పటిలా సాగింది. మూడేళ్లయింది అతను అలాంటి బాట చూసి. యంత్రం ఆపి దిగి, నడుము మీద చేతులుంచుకుని కాసేపు అలా నిలబడిపోయాడు.

"ఫొటో తీసుకో" అంది నోర్మా. "మన పెళ్లిళ్లకు కూడా ఇలా నిలబడలేదు మనం."

అప్పుడతనికి కాలి దగ్గర పసుపుపచ్చగా ఏదో కనపడింది. వంగి లాగాడు. గడ్డిపోచ. ఇంకొంచెం గీకితే ఇంకో పోచ. కొంచెం ముందుకు నడిస్తే గుప్పెడు.

"జింకలు పడుకుని ఉంటాయి" అంది నోర్మా.

రొజేర్ పోచను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఓట్స్ గడ్డి. శుభ్రమైనది, గింజ దులిపినది, ఎవరో కొని తెచ్చినది. జింకలు కొనవు. అతను చిన్నప్పుడు దుంపల తవ్వకానికి బడి మూసేస్తే ఇంటి పొలంలో పనిచేసినవాడు. ఓట్స్ గడ్డి చలికాలానికి దేని మీద కప్పుతారో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు.

ట్రాక్టర్ చక్రాల గుర్తుల వెంట పోప్లార్ల దాకా పరుగులాంటి నడక నడిచాడు. మేట ఉన్నచోట ఇప్పుడు నేల ఉంది. తొట్టి అంచు గీకిన గీతలు. గీతల మధ్య వరసలు. వరసల్లో చిన్నచిన్న గోధుమరంగు ఆకులు, నేలకు అంటుకుని, వాటి నడుమ బొటనవేలంత కుదుళ్లు. స్ట్రాబెర్రీ. అతను మోకాళ్ల మీద కూర్చుని లెక్కపెట్టాడు. గోడ పక్క పన్నెండు వరసలు. మూడింటి మీద మంచూ గడ్డీ అలాగే ఉన్నాయి. తొమ్మిది బోడివి.

అతనికి అంతా ఒక్కసారి అర్థమైంది. ఏటా జూలైలో ఊరంతా వచ్చి కోసుకునేది ఆవిడ తోటే. ఆ తోట ఇన్నాళ్లూ ఇంటి ముందు పొలంలో ఉండేది. పోయిన చలికాలం, చలి తగలకుండా దుప్పటిలా కప్పే మంచు లేక, సగం చచ్చిపోయింది. అందుకని వసంతంలో మొక్కల్ని ఇక్కడికి మార్చింది, మంచు నిలిచే చోటు పొలం మొత్తంలో ఇదొక్కటే కాబట్టి. రోడ్డు మీంచి కనపడని చోటు. నవంబర్‌లో వచ్చి ఆ కొస నుంచి ఈ కొస దాకా నడిచినవాడికి మాత్రమే కనపడే చోటు.

గిల్‌మన్ వెనకాలే వచ్చాడు. చూశాడు. టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

"ఒనెజీమ్ గడ్డి తప్ప ఏమీ లేదన్నాడుగా."

"ఒనెజీమ్ మామయ్య పోయి ఆరేళ్లయింది."

"ఇప్పుడేమంటావ్?"

"రాత్రికి మైనస్ పాతిక. కుదురు గడ్డకడితే చచ్చినట్టే."

గిల్‌మన్ చుట్టూ చూసి మొదటిసారిగా గొంతు తగ్గించాడు. "విను. ఇవి బతికాయో చచ్చాయో మే నెల దాకా తెలీదు. పోయినేడు కూడా చచ్చాయిగా? ఆవిడ చలిదే తప్పనుకుంటుంది. ఊళ్లో ఎవరి తోటలు చావలేదు కనక. రేపు పండగ అవనీ. వేసవిలో అందరం కలిసి కొత్త మొక్కలు వేసిద్దాం, ఎవరు వేశారో తెలీకుండా."

ఆ మాట రొజేర్‌ను తాకకపోలేదు. తాకింది. వెనక్కి తిరిగితే పోప్లార్ల సందుల్లోంచి బాట కనపడుతోంది, ఎండలో తళతళమంటూ. రేపు పొద్దున్న కొండ మీంచి దిగే బండ్ల వరస అతనికి కళ్లకు కట్టింది. సోమవారం తీర్మానం ఉండదు. తాళంచెవి జేబులోనే ఉంటుంది. మే నెలలో ముసలమ్మ ఒక్కతే ఇక్కడ వంగి, చచ్చిన ఆకుల్ని వేళ్లతో కదిపి చూసుకుని, ఈ ఏడు కూడా అని నిట్టూర్చి లేస్తుంది. తనప్పుడు ఇంట్లో ఉంటాడు. నవంబర్‌లో పిండివంట పట్టుకుని వచ్చి చెయ్యి చాస్తాడు, తొడుగు తీసి.

అతను లేచి పార అందుకున్నాడు.

"ఏం చేస్తున్నావ్?"

"తిరిగి పోస్తున్నా."

"పిచ్చా నీకు? అణిచిన మంచది. ట్రాక్టర్ మళ్లీ ఇక్కడికి తెస్తే మిగిలిన కుదుళ్లూ నలిగిపోతాయి."

"చేత్తో పోస్తా."

"తొమ్మిది వరసలు. ఒక్కడివి." గిల్‌మన్ గొంతు మళ్లీ పెరిగింది. "ఇరవై ఆరేళ్లు ఈ బాట కోసం చచ్చావు రొజేర్. నీ వేలు మిల్లులో పోయింది గాని నీ మోకాళ్లు పోయింది ఇక్కడే. ఇప్పుడు నీ చేత్తో నువ్వే పెళ్లగిస్తావా?"

"పెళ్లగిస్తా."

గిల్‌మన్ ట్రాక్టరెక్కి వెళ్లిపోయాడు. కోపంతో వెళ్లాడో, చూడలేక వెళ్లాడో రొజేర్‌కు తెలియలేదు.

రెండింటి నుంచి మూడింటి దాకా రొజేర్ మనిషిలా పనిచేయలేదు. కట్టెలు లాగే చెక్కబండిని బాట దగ్గరికి ఈడ్చి, అప్పుడే అణిచిన మంచును పారతో నరికి, పెళ్లలు పెళ్లలుగా ఎత్తి వేసుకుని, పోప్లార్ల దాకా లాగి, కుదుళ్లు నలగకుండా చేతులతో చిదిపి చల్లాడు. పెళ్ల రాయిలా ఉంది. చిదిపితే చిదగదు. చిదగనిది అలాగే వేస్తే సందుల్లోంచి చలి దూరుతుంది. మళ్లీ వెళ్లాడు, మళ్లీ తెచ్చాడు. నోర్మా బండికి రెండోవైపు తాడు పట్టుకుంది. ఇద్దరి ఊపిరీ పొగలా లేస్తోంది. ఎండ పలచబడింది. పోప్లార్ల నీడలు తొమ్మిది వరసల మీదా పడి సాగుతున్నాయి. ముక్కులోపలి తడి గడ్డకట్టడం రొజేర్‌కు తెలుస్తోంది. అంటే మైనస్ పది దాటింది. మూడింటికి నడుమెత్తి చూస్తే కప్పింది ఒక వరస, దాని పక్కన ఇంకో వరసలో సగం.

అతను ఇంత గబగబా చేసింది చెప్పాల్సిన పని లేకుండా పోతుందేమోనన్న ఆశతోనే. ముందంతా సరిచేసి, తర్వాత చెప్పడం వేరు. ఇప్పుడు చెప్పడం వేరు. కాని మంచుతో అయ్యేట్టు లేదు. గడ్డి కావాలి. గడ్డి ఎవరి కొట్టంలో ఉందో వాళ్లనే అడగాలి.

"నువ్వు వెళ్లు" అంది నోర్మా. "నేను పోస్తూంటా. నా బీన్స్ ఎలాగూ నానుతున్నాయి."

లియోనీ అత్త వంటగది కిటికీ నది వైపు ఉంటుంది. పొలంలో ట్రాక్టర్ చప్పుడు విన్నది గాని ఏం చేస్తున్నారో చూడలేదు. డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి, సన్నగా, నిటారుగా, మెడకు ఊలు మఫ్లర్ చుట్టుకుని పొయ్యి దగ్గర నిలబడి ఉంది.

"రావయ్యా పెద్దమనిషీ. నవంబర్ ఇప్పుడొచ్చిందా నీకు?"

"అత్తా."

"బెర్నిస్ ఎలా ఉంది?"

"నడుస్తోంది. అత్తా, నేనొక..."

"కార్డొచ్చింది. పొయ్యి మీద అరలో పెట్టా. జవాబు రాద్దామనుకున్నా. ఏం రాయను? కార్డుకు చెయ్యి ఉంటుందా, పట్టుకోడానికి? వస్తావులే, చూపిద్దాం అనుకున్నా. నువ్వు రాలేదు."

"పోప్లార్ల వెనకాల మంచు తీశాం అత్తా."

ఆవిడ చేతిలో గరిటె ఆగింది.

"బాట మీద పరిచాం. గడ్డి కూడా వచ్చేసింది. నేను చూళ్లేదు. ఒనెజీమ్ మామయ్య చెప్పిన మాట మీద..." అని ఆపాడు. పోయినవాడి మీదికి తోయడం అతని నోటికే చేదుగా తగిలింది. "నేనే తీయించాను. నిన్ను అడగలేదు."

"ఎన్ని వరసలు?"

"తొమ్మిది."

"పన్నెండులో."

"అవును. ఒకటిన్నర మళ్లీ కప్పాం."

ఆవిడ పొయ్యి ఆర్పింది. పెనం మీద అట్టు సగం ఉడికి అలాగే ఉండిపోయింది. తిట్టలేదు. తిడితే బాగుండునని అతను ఎదురుచూశాడు. తలుపు వెనక మేకుకు వేలాడుతున్న ఒనెజీమ్ పాత కోటు తొడుక్కుని, బొత్తాలు ఒక్కొక్కటే పెట్టుకుంటూ, "ఆ మొక్కలు నా చేత్తో నాటాను" అంది. "మే నెలంతా. మోకాళ్ల కింద సంచి వేసుకుని. ఇంకోసారి నాటే మోకాళ్లు లేవు నాకు. అది తెలిసే అక్కడ నాటాను." చివరి బొత్తం పెట్టుకుని, "కొట్టంలో గడ్డి పదకొండు కట్టలుంది. చాలదు. పద" అంది.

చాలలేదు. పదకొండు కట్టలు విప్పి, పంగలకర్రలతో దులిపి పరిస్తే ఐదు వరసలకు వచ్చింది. నోర్మా హోటలుకు వెళ్లి పండగ కోసం తెచ్చిన గుడారపు గుడ్డ, బల్లల మీది మైనపు దుప్పట్లు పట్టుకొచ్చింది. లియోనీ అత్త ఇంట్లోంచి రెండు బొంతలు తెచ్చింది. వాటిలో ఒకటి తన పెళ్లికి తల్లి కుట్టిందని చెప్పకుండానే పరిచింది. కుట్టు చూసి నోర్మా గుర్తుపట్టి, "అది వద్దత్తా" అంటే, "అది నేను చచ్చాక ఎవరు కప్పుకుంటార్లే" అంది. బొంతల మీద, గుడ్డల మీద పెళ్లలు ఎత్తారు, గాలికి లేవకుండా. నాలుగున్నరకు సూర్యుడు కొండ దిగాడు. ఎక్కడో పోప్లార్ కొమ్మ చలికి టప్పుమని పగిలింది.

చివరి వరస కొసన పది పన్నెండు కుదుళ్లు మిగిలిపోయాయి. కప్పడానికి ఏమీ లేదు. రొజేర్ తన పైకోటు విప్పి వాటి మీద పరిచాడు. ఎవరూ వద్దనలేదు. ఊలు చొక్కాతో నిలబడి, ముందు కప్పిన వరసలో గడ్డి కింద చెయ్యి దూర్చి ఒక కుదురు తాకి చూశాడు. గట్టిగా ఉంది. అది చలికి గట్టిపడిందో, ఎప్పుడూ అంతే గట్టిగా ఉంటుందో అతనికి తెలియలేదు. వేళ్లకు స్పర్శ లేదు.

లేచాడు. అలవాటు కొద్దీ కుడిచేతి తొడుగు తీసి లియోనీ అత్త వైపు చాచాడు. ఆవిడ ఆ చెయ్యి చూసింది. పంగలకర్ర రెండు చేతులా పట్టుకునే ఉంది.

"నా చేతులు ఖాళీ లేవు" అంది.

అతను తొడుగు మళ్లీ తొడుక్కున్నాడు.

బాట వైపు నడిచారు. సగం దాకా పెళ్లగించి ఉంది. నల్లమట్టి, మధ్యమధ్య తెల్లటి పెళ్లలు. మధ్యాహ్నం దాకా ఇస్త్రీ దుప్పటిలా ఉన్నదేనని ఎవరూ అనుకోరు. లియోనీ అత్త బూటు కొసతో మట్టిని తట్టింది.

"మట్టి కనపడుతోంది" అంది.

"అవునత్తా."

"మట్టి కనపడితే ఏం చేయాలి?"

రొజేర్ ముసలావు దగ్గరికి వెళ్లి పెట్టెలోంచి గొలుసు తెచ్చాడు. బాట మొదట్లో ఉన్న రెండు దేవదారు గుంజలూ ఇరవై ఆరేళ్ల కిందట అతనూ ఒనెజీమూ కలిసి పాతినవే. ఆ గుంజకూ ఈ గుంజకూ గొలుసు కట్టాడు. చలికి ఇనుము తొడుగుకు అంటుకుని వదలట్లేదు, ప్రతి ముడికీ తొడుగు లాక్కోవాల్సి వచ్చింది. 'బాట మూశాం' అన్న ఎర్రరేకును మధ్యలో తగిలించాడు. నోర్మా ఫోన్ తీసి గిల్‌మన్‌కు చెప్పింది. అవతల్నుంచి "సరే. నది అవతలివాళ్లకు నేను చెప్తా" అన్న మాట వినపడింది, గిల్‌మన్ గొంతేనా అన్నంత చిన్నగా.

"రెండొందల మంది బీన్స్" అంది నోర్మా ఎవరితోనో కానట్టు. ఎవరూ నవ్వలేదు. ఆవిడ కూడా నవ్వలేదు.

రొజేర్ యంత్రమెక్కబోయాడు. లియోనీ అత్త ఇంటివైపు నాలుగడుగులు వేసి, తిరక్కుండానే నిలబడింది.

"అవి బతుకుతాయో లేదో మే దాకా నాకూ తెలీదు, నీకూ తెలీదు" అంది. "అప్పుడు రా. ఆ గుడ్డలన్నీ నువ్వే తియ్యి. చచ్చినవి ఉంటే నువ్వే పీకు. నేను కుర్చీ వేసుకుని చూస్తుంటా."

"వస్తానత్తా."

"కార్డు పంపకు."

ఆవిడ వెళ్లిపోయింది. రొజేర్ తాళంచెవి తిప్పాడు. ముసలావు మూడుసార్లు దగ్గి, నాలుగోసారి లేచింది. చదును చేసే పలకను పైకెత్తి, ఏమీ చదును చేయకుండా, బోడి రోడ్డు మీద దాన్ని ఊళ్లోకి నడిపాడు. చొక్కా మీద ఉన్నాడని అప్పుడు గుర్తొచ్చింది. పోప్లార్ల వెనక కోటు అక్కడే ఉంది. తెచ్చుకోవడానికి వెనక్కి వెళ్లలేదు.